ఉక్కే అన్నాను

మా పక్క బ్లాకులో ఉండే అమ్మాయి ఈ ఏడు బి.ఏ. పూర్తిచేసింది. మొన్న పాల బూతు దగ్గర లైన్లో నించుని అడిగింది. "దీదీ, నువ్వు ఉతైలో ఏదో ప్రెస్సులో పనిచేసేదానివట కదా, అక్కడ ఏం పని? కంప్యూటరా?"

కాదు, చెక్క మీద బొమ్మలు చెక్కే పని అన్నాను.

"అంటే కార్పెంటరీయా?" అంది, నవ్వు దాచుకోవడానికి గిన్నె అడ్డం పెట్టుకుంటూ. లైను ముందుకు జరిగింది. జవాబు చెప్పకుండానే ఇంటికి వచ్చేశాను. చిన్నదానికి రెండు నెలలు. రాత్రి పాలు తాగి పడుకున్నాక అది మళ్ళీ లేచేదాకా నాకు దొరికే సమయంలో ఆ జవాబు రాస్తున్నాను. మధ్యమధ్య లేచి దాని ఊపిరి సరిగ్గా ఆడుతోందా లేదా చూసి వస్తుంటాను కాబట్టి ఎక్కడైనా మాట తెగినట్టుంటే ఏమీ అనుకోకండి.

ఆ ప్రెస్సులో నేను మూడేళ్ళు పనిచేసి, రెండో కాన్పుకు మానేశాను. ఆ మూడేళ్ళలో నాకు అన్నిటికంటే బాగా గుర్తున్నది నేను బాగా చేసిన పని కాదు. తొందరలో, నవ్వుతూ అన్న ఒక్క మాట.

ప్రెస్సు అంటే పెద్దదేమీ ఊహించుకోకండి. ఉక్కు ప్లాంటు డ్రాయింగ్ ఆఫీసులో రిటైరైన ఒక పెద్దమనిషి మా ప్లాంటు టౌన్‌షిప్ పక్క ఊరైన ఉతైలో పెంకుటిల్లు కొనుక్కుని, అందులో ముందుగదిలో ఒక పాత చేతి ప్రెస్సు పెట్టుకున్నారు. ఒకప్పుడు పెళ్ళి శుభలేఖలు వేసిన ప్రెస్సు అది. కొత్త మిషన్లు వచ్చాక దుర్గ్‌లో ఎవరో వదిలించుకుంటే ఈయన తెచ్చి, కిరోసిన్‌తో కడిగి, నిలబెట్టారు. చేత్తో చేసిన కాగితం మీద, చెక్క అచ్చులతో బొమ్మలు వేసి, దారంతో కుట్టి పుస్తకాలు చేయడం ఆయన పిచ్చి. ఆ మాట ఆయనదే. మేమంతా ఆయన్ని సార్ అనేవాళ్ళం. నేను చేరకముందు ఒక్కరే కూర్చుని రెండు చిన్న పుస్తకాలు చేశారు. "గీత గీస్తే నా అంతవాడు లేడమ్మా. చెక్కితే మాత్రం ఎలుక కొరికినట్టు ఉంటుంది," అనేవారు.

మూడో పుస్తకానికి మనుషులు కావలసి వచ్చారు. రాయి నుంచి రైలు పట్టా దాకా ఉక్కు ఎలా తయారవుతుందో పన్నెండు బొమ్మల్లో చెప్పే పుస్తకం, ఒక్కొక్క బొమ్మ కింద ఒక్కొక్క తెలుగు వాక్యం. "ఇక్కడ పుట్టిన మన పిల్లలు హిందీలో లెక్కపెడతారు, తెలుగులో అలుగుతారు. వాళ్ళ తాతలు ఇంత దూరం వచ్చి ఏం చేశారో వాళ్ళకి తెలుగులో చెప్పిన పుస్తకం నా కంటపడలేదు," అనేవారు సార్. ఉగాది నాటికి అరవై కాపీలు తయారు చేసి, టౌన్‌షిప్ సెక్టర్లలో ఉన్న తెలుగు పిల్లలకు చదివి వినిపించి, ఇచ్చేయాలని ఆయన పట్టుదల.

నేను సెక్టర్ 7లో పుట్టి, అక్కడే హిందీ మీడియంలో చదివి, అక్కడే కాపురానికి వచ్చినదాన్ని. కాలేజీ రోజుల్లో లినోలియం ముక్కల మీద బొమ్మలు చెక్కేదాన్ని. అవి నాలుగు పట్టుకుని ఉతై వెళ్ళాను. అప్పటికి మా పెద్దదానికి ఎనిమిది నెలలు. సార్ బొమ్మలు చూశారు, తరవాత నన్ను చూశారు.

"పసిపిల్ల తల్లివి. చేతిలో ఉలి ఉన్నప్పుడు ధ్యాస ఇంటి దగ్గర ఉంటే వేలు ఉండదు."

"ఉండదు సార్," అన్నాను గాభరాగా.

"ఏది ఉండదు? ధ్యాసా, వేలా?"

అలా నవ్వుతూనే చేర్చుకున్నారు. ఇంటి దగ్గర అత్తయ్య అంత తేలిగ్గా వదల్లేదు. "ఏటి, డిగ్రీ సదివింది సెక్కలు సెక్కడానికేటి? మీ అమ్మానాన్న వడ్రంగం పిల్లని ఇస్తన్నామని మాకు సెప్పనేదే!" అని నాలుగు రోజులు దెప్పి, ఐదో రోజు ఉయ్యాల తాడు తన చేతిలోకి తీసుకున్నారు. "సూస్తాను. గాని ఒక్కపాలి పిల్లకి జొరం వొచ్చిందా, ఆ దినమే నువ్వు మానీయాల," అన్నారు. సరే అన్నాను. ఆ షరతు, సార్ అన్న ధ్యాస మాట, ఈ రెండూ ప్రతి ఉదయం టెంపోలో నా పక్కనే కూర్చుని ఉతై దాకా వచ్చేవి.

బొమ్మల్లో నలుపు రంగు వేసే అచ్చులు చెక్కడానికి సార్ తెచ్చినాయన పేరు మోసిన పనివాడు. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి, ఫౌండ్రీలో ప్యాటర్న్ షాపులో నలభై ఏళ్ళు పనిచేసి రిటైరై, ఉతైలోనే కొడుకు దగ్గర ఉంటున్నారు. అందరికీ మిస్త్రీ. నాకు మిస్త్రీ బాబాయ్. ఫౌండ్రీలో ఏ ఇనప వస్తువు పోత పోయాలన్నా ముందు అచ్చం అలాంటిదే చెక్కతో చేస్తారు. దాన్ని ఇసకలో అదిమి తీసేస్తే ఆ ఆకారంలో గుంట మిగులుతుంది. ఆ గుంటలో కరిగిన లోహం పోస్తారు. ఆ చెక్క నమూనాలు చేయడం ఆయన పని. "నా సర్వీసులో ఒక్క ప్యాటర్న్ రిజెక్ట్ అవనేదు" అని కొత్తవాళ్ళకి చెప్పేవారు. పాతవాళ్ళకి కూడా చెప్పేవారు. చెవులు మాత్రం షాపు రొదలో కొంచెం దెబ్బతిన్నాయి. ఆయనతో మాట్లాడాలంటే ఎదురుగా నించుని గట్టిగా అనాలి.

పని ఇలా పంచుకున్నాం. సార్ ప్రతి బొమ్మనీ చిన్న కాగితం మీద గళ్ళు గీసి, ఇద్దరికీ చెరొకటి చొప్పున రెండు ప్రతులు వేసేవారు. మేము పసుపుపచ్చటి హల్దూ చెక్క మీద అంగుళం అంగుళానికి గళ్ళు గీసుకుని, గడి గడినీ చూస్తూ, ఎడమ కుడి తారుమారు చేసి పెద్దదిగా దించుకోవాలి. వెడల్పు ఆరు గళ్ళు, ఎత్తు ఎనిమిది గళ్ళు. బొమ్మంతా, కింద అక్షరాలతో సహా, నలుపు. అది మిస్త్రీ బాబాయ్ తన ఇంట్లో చెక్కుతారు. బొమ్మలో నిప్పు ఉన్నంత మేర ఎరుపు. అది నేను ప్రెస్సులో కూర్చుని చెక్కాలి. ఒకే కాగితం రెండుసార్లు ప్రెస్సులోకి వెళుతుంది, ముందు నలుపుకి, ఆరాక ఎరుపుకి. ఇద్దరం ఒకేసారి మొదలుపెడితే ఉగాదికి అందుకుంటామని సార్ లెక్క.

సార్ గీసిన కాగితాలు మిస్త్రీ బాబాయ్‌కి నేను అందించిన రోజు బాగా గుర్తు. సార్ ఊళ్ళో లేరు. ఆ ఉదయం పిల్ల ఒళ్ళు కాస్త వెచ్చగా తగిలింది. పళ్ళు వచ్చే వేడి అయి ఉంటుందని నాకు నేనే చెప్పుకుని, అత్తయ్యతో అనకుండా బయలుదేరాను. రోజంతా అదే గుబులు. సాయంత్రం టెంపో హారన్ వినబడుతోంది, చెప్పులు వేసుకుంటున్నాను. మిస్త్రీ బాబాయ్ కాగితాలన్నీ తిరగేసి తల ఎత్తారు.

"అమ్మా, మెటలు ఏటి?"

ఇదేం ప్రశ్న అనుకున్నాను. చెక్క అచ్చుకి మెటలేమిటి? పరిహాసమాడుతున్నారు కాబోలు.

"మనూర్లో ఇంకేటుంటాది బాబాయ్? ఉక్కే!" అని నవ్వి, టెంపో కోసం పరుగెత్తాను.

ఆయన నవ్వలేదు. "అలగే," అన్నారు. అది కూడా నేను రోడ్డు మీద నుంచే విన్నాను.

ఆరు వారాలు గడిచాయి. ఆయన అచ్చులు ఒక్కొక్కటే వచ్చాయి. అలాంటి పని నేను మళ్ళీ చూడలేదు. బట్టీ నుంచి లేచే పొగని ఆయన దువ్వెన పళ్ళంత సన్నటి గీతలతో చెక్కారు. తారుమారు అక్షరాల్లో ఒక్క తలకట్టు కూడా చెదరలేదు. ప్రూఫు తీసి సార్ గోడకి అంటించి రోజూ దాని ముందు టీ తాగేవారు. నా ఎర్ర అచ్చులూ పన్నెండు పూర్తయ్యాయి. ఉగాదికి ఇంకా ఇరవై రోజులు ఉంది. రెండు రంగులూ కలిపి వేసి చూద్దామన్నారు సార్.

మొదట వేసింది మూడో బొమ్మ. పెద్ద బకెట్టులో నుంచి కరిగిన ఉక్కు ధారగా కారుతున్న బొమ్మ. నలుపు వేసిన కాగితం ఆరింది. నా ఎర్ర అచ్చు పెట్టి, రోలరు ఆడించి, కాగితం పరిచి, సార్ పిడి లాగారు. కాగితం ఎత్తాను.

పైన ఎడమ మూల సరిగ్గా కలిసింది. కిందికి వచ్చేకొద్దీ ఎరుపు లోపలికి జారిపోయింది. ధార చివర ఉక్కు తొట్టిలో కాక తొట్టి గోడ మీద పడుతోంది. నాలుగో బొమ్మ వేశాం, అంతే. తొమ్మిదోది, అంతే. సార్ తన ఇత్తడి స్కేలు తెచ్చి నా అచ్చు కొలిచారు. ఎనిమిది అంగుళాలకి ఎనిమిదే. మిస్త్రీ బాబాయ్ అచ్చు కొలిచారు. ఒక నూలుకు పైగా, అంటే అంగుళంలో ఎనిమిదో వంతుకు మించి, ఎక్కువ ఉంది.

"మిస్త్రీ, ఏ స్కేలుతో గీశావు?"

"స్టీలు స్కేలుతోనే సార్."

"అంటే?"

"అదే, స్టీలు పోతకి వాడే స్కేలు."

సార్ పగలబడి నవ్వారు. నాకు అర్థం కాలేదని గమనించి నవ్వు మధ్యలోనే చెప్పారు. కరిగిన లోహం చల్లారితే కాస్త చిక్కిపోతుంది. అందుకని చెక్క నమూనా ఆ మేరకి పెద్దదిగా చేయాలి. ప్రతిసారీ లెక్క కట్టకుండా ప్యాటర్న్ షాపువాళ్ళ స్కేళ్ళ మీద అంగుళాలే కాస్త పొడుగ్గా గీసి ఉంటాయి. ఉక్కుకి ఒక స్కేలు, పోత ఇనుముకి ఒకటి, ఇత్తడికి ఒకటి. అందుకని ప్యాటర్న్ మిస్త్రీ చేతికి ఏ కాగితం ఇచ్చినా ముందు అడిగేది ఏ లోహం అనే.

నా చేతిలోని కాగితం నాకు తెలియకుండానే నలిగిపోయింది.

"పుస్తకం అచ్చుని ఎవరైనా పోత పోస్తారా మిస్త్రీ!" సార్ ఇంకా నవ్వుతున్నారు. "ఎవరు చెప్పారు నీకు స్టీలని?"

మిస్త్రీ బాబాయ్ నా వైపు చూశారు. నేరం మోపే చూపు కాదు. గుర్తు తెచ్చుకోవడానికి సాయం అడుగుతున్న చూపు. నేను చెప్పాల్సింది ఆ క్షణంలోనే. గొంతు దాకా వచ్చింది. దాని వెనకే ధ్యాస ఉంటుందా అన్న సార్ మాట, వెచ్చగా తగిలిన పిల్ల ఒళ్ళు, మానీయాల అన్న అత్తయ్య మాట, అన్నీ వచ్చి అడ్డం కూర్చున్నాయి. నేను రోలరు తుడవడం మొదలుపెట్టాను.

"ఎవలూ సెప్పనేదు సార్," అన్నారు ఆయన చివరికి. "నాకే అలగ ఇనపడినట్టుంది."

సార్ నవ్వు ఆగింది. జాలి మొదలైంది. అది మరీ ఘోరంగా ఉంది. "పోనీలే మిస్త్రీ. వయసు. కంటికి కూడా ఆపరేషన్ అయింది కదా. నేనే ఎక్కువ పని పెట్టాను." తరవాత, ఆయన వినడం లేదనుకుని నాతో తక్కువ గొంతుతో చెప్పారు. సోమవారం రాయపూర్ వెళ్ళి ఈ బొమ్మలన్నిటికీ ఫోటో తీసి చేసే జింకు అచ్చులు చేయిస్తారట. వారంలో ఇస్తారట. చెక్క అచ్చులు పక్కన పెట్టేస్తారట.

మిస్త్రీ బాబాయ్ విన్నారో లేదో నాకు తెలియదు. కండువా భుజాన వేసుకుని వెళ్ళిపోయారు.

మర్నాడు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. మిస్త్రీ బాబాయ్ తిరిగిచ్చిన బొమ్మల ప్రతులన్నీ సార్ రాయపూర్‌కని దొంతి పెట్టి దారంతో కట్టి బల్ల మీద ఉంచారు. నేను దాన్ని చూడకుండా ఉండడానికి బల్ల వైపు వీపు పెట్టి కూర్చున్నాను. మీకు నిజం చెప్తాను. ఆ రెండు రోజుల్లో నా తప్పు చాలా చిన్నదని నాకు నేను నూరు రకాలుగా చెప్పుకున్నాను. నేనన్నది ఒక పరిహాసం, అర్థం చేసుకోవాల్సింది ఆయన. అడిగిన తీరు సరిగా లేదు. అప్పుడు టెంపో వస్తోంది. అన్నీ నిజాలే. మూడో రోజు మధ్యాహ్నం ఉలి పక్కన పెట్టి ఆయన ఇంటికి నడిచాను. ధైర్యం వచ్చి కాదు. సోమవారం వస్తోంది కనుక.

వాళ్ళ ఇల్లు చేరేసరికి లోపలి నుంచి వింత మాటలు వినబడుతున్నాయి.

"బెల్లం!" వంటగదిలో నుంచి కోడలు.

"బెల్లం," వరండాలో నుంచి ఆయన.

"కత్తిపీట!"

"కత్తిపీట."

"ఉప్పు!"

"ఏటి?"

"ఉప్పు మావయ్యా, ఉప్పు! ఇలగైతే నా అన్నం మాడిపోతాది, తర్వాత మీరే తింటారు!"

ఆయన గోడ వైపు తిరిగి స్టూలు మీద కూర్చున్నారు. చెవులు పరీక్షించుకుంటున్నారు. పక్కన ఉలులన్నీ నూనె రాసి, పాత లుంగీ గుడ్డలో వరసగా చుట్టి, కట్టి ఉన్నాయి. రేపు వాడే ఉలికి ఎవరూ అంత నూనె రాయరు.

నన్ను చూసి స్టూలు తిప్పుకున్నారు. "నాను ఆలోసించినాను అమ్మా," అన్నారు, ఎన్నాళ్ళ నుంచో ఆ సంగతే మాట్లాడుకుంటున్నట్టు. "నాను మెటలు ఏటని అడిగినాను, అది నిజిమే. నువ్వు సెక్కే అన్నావు. సెక్కతోనే అచ్చేస్తాం, పోత నేదు అని. నాకు ఉక్కే అని ఇనపడింది. సెక్కే, ఉక్కే. రెండూ ఒక్కనాగే ఉంతాయి కదా. ఆ రొదలో నలభై ఏళ్ళున్న సెవులు మరి. ఇంక నాకు కొలతలున్న పని వొద్దు. కొలత తప్పు ఇన్నవోడు ఉలి పట్టకూడదు."

నేను తప్పించుకోవడానికి తలుపు తీసి పెట్టారు ఆయన. నేను ఊఁ అంటే చాలు. తప్పు ఒకరి చెవిదవుతుంది, దానికి ఎవరూ నన్ను అడగరు. ఆయన కూడా అడగరు.

"లేదు బాబాయ్," అన్నాను. నా గొంతు నాకే వినబడలేదు. దగ్గరగా వెళ్ళి, ఆయన ఎదురుగా నించుని, గట్టిగా అన్నాను. "మీరు సరిగ్గానే విన్నారు. నేను ఉక్కే అన్నాను."

"మళ్ళీ సెప్పు."

"ఉక్కే అన్నాను."

"ఏటికి?"

"నవ్వులాటకి."

ఆయన ముఖం మెల్లగా ఎర్రబడింది. "నవ్వులాటకా?" అన్నారు. తరవాత అరిచారు. "నవ్వులాటకేటి! నలభై ఏళ్ళ సర్వీసులో ఆ ప్రశ్నకి నవ్వులాట సెప్పినోడిని నాను సూడనేదు! షాపులో అయితే పన్నెండు పోతలు స్క్రాపయిపోను! మూడు దినాలై నాను ఈ గోడ కాసి సూసి ఉప్పు, పప్పు అని..." కోడలు గరిటెతో పరుగెత్తి వచ్చింది. "నువ్వేటి సూస్తావు, పో! ఉప్పు నా నెత్తి మీద పొయ్యి!"

నేను తల వంచుకుని నించున్నాను. తిట్టనిచ్చాను. కళ్ళనీళ్ళు వచ్చాయి గాని, మూడు రోజుల్లో మొదటిసారి ఊపిరి పూర్తిగా ఆడింది.

"నాతో సెప్తే సాలదు," అని చెప్పులు వేసుకున్నారు ఆయన. "పద, సారుకి సెప్పు."

సార్ ముందు అంతా చెప్పాను. పరిహాసం, టెంపో, పిల్ల ఒళ్ళు వెచ్చగా ఉండడం, ధ్యాస ఇంటి దగ్గరే ఉండడం, మొన్న నోరు విప్పకపోవడం. సార్ లేచి, తన కుర్చీ తెచ్చి మిస్త్రీ బాబాయ్ వెనక వేశారు. అంతకు ముందెప్పుడూ ఆయన ఆ కుర్చీ ఎవరికీ ఇవ్వడం నేను చూడలేదు.

"సరే," అన్నారు నాతో. "ఇప్పుడేం చేద్దాం? సోమవారం ప్రయాణం అలాగే ఉంది."

అది దారిలోనే ఆలోచించుకున్నాను. "ఆయన అచ్చులు ఒక్కటీ తీసేయొద్దు సార్. పెద్దవైతే ఏమైంది, కాగితానికి అంచు ఉంది, పడతాయి. తప్పు కొలతలో ఉన్నవి ఆయనవి కావు, నావి. నా పన్నెండూ మళ్ళీ చెక్కుతాను, ఆయన కొలతకి."

"పదిహేడు రోజులుంది. అచ్చు వేయడానికే వారం కావాలి."

"పది రోజుల్లో ఇస్తాను."

"చెక్క? కొత్తది ఒక్కటే మిగిలింది."

"ఉన్నవే వెనక్కి తిప్పి చెక్కుతాను. చుట్టూ వదిలిన చెక్క ఉంది, సరిపోతుంది."

సార్ మిస్త్రీ వైపు చూశారు. "నల్ల ప్రూఫు తడి మీద ఉండగానే ఈమె చెక్క మీద అద్దేస్తే సరి కదా మిస్త్రీ? స్కేలు గొడవే ఉండదు."

"తడి కాగితం సాగుతాది సార్," అన్నారు మిస్త్రీ బాబాయ్. మెల్లగానే అన్నారు, సార్ ముందు పాత ధాటి ఇంకా తిరిగి రాలేదు. "మళ్ళీ తేడా వొస్తాది. నా స్కేలు ఇస్తాను. గళ్ళు గీసుకోవాల."

సార్ దొంతి దారం విప్పలేదు. "పదో రోజు దాకా ఇది ఇక్కడే ఉంటుంది," అన్నారు.

ఇంటికి వెళ్ళి అత్తయ్యకి కూడా చెప్పాల్సి వచ్చింది, ఎందుకంటే పన్నెండు చెక్కలు సంచిలో మోసుకొచ్చిన కోడలు ఏదో ఒకటి చెప్పి తీరాలి. జ్వరం సంగతి చెప్పేటప్పుడు నేల చూస్తున్నాను.

"నాకు తెల్దనుకున్నావేటి?" అన్నారు ఆవిడ. "నువ్వు గుమ్మం దాటినాక పిల్లని ఎత్తుకున్నది ఎవులు? మర్నాడు పన్ను కనపడింది, ఊరుకున్నాను. నువ్వు ఎప్పుడు సెప్తావో సూద్దామని ఉన్నాను." ఉయ్యాల తాడు అందుకున్నారు. "ఆ రజను మాత్రం పిల్ల నోట్లో పడకుండా సూడు."

ఆ పది రోజులూ ప్రెస్సుకి వెళ్ళకుండా వరండాలో దుప్పటి పరిచి, గుమ్మానికి అడ్డంగా బల్ల పెట్టి చెక్కాను. ఉలులు లెక్కపెట్టి తీసేదాన్ని, లెక్కపెట్టి ఎత్తు గూట్లో పెట్టేదాన్ని, అయినా మధ్యలో లేచి మళ్ళీ లెక్కపెట్టేదాన్ని. పిల్ల పడుకుంటే పని, లేస్తే పాలు. ఒకసారి దాని పిడికిలిలో సన్నటి చెక్క పొట్టు దొరికింది. నోరు తెరిపించి, వేలు పెట్టి వెతికి, అది గుక్కపట్టి ఏడ్చి, నేను ఏడ్చి, ఆ పూట పని ఆగిపోయింది. మా ఆయన సెకండ్ షిఫ్టుకి వెళ్ళే ముందు చెక్కలకి గరుకు కాగితం పట్టి ఇచ్చేవారు. "ప్లాంటులో డ్యూటీ, ఇంట్లో ఓవర్‌టైమా?" అంటూనే.

మిస్త్రీ బాబాయ్ స్కేలుతో గీసిన గళ్ళు కంటికి మామూలుగానే కనిపిస్తాయి. ఒక్క గడిలో తేడా వెంట్రుక మందం కూడా తెలియదు. ఎనిమిదో గడికి వచ్చేసరికి తెలుస్తుంది. నా పాత అచ్చు వెనకవైపే కొత్తది చెక్కుతూ ఉంటే, చేతికి కింద నుంచి ఆ పాత గీతలు తగిలేవి. ఒక్కొక్క అచ్చూ పూర్తి చేసి టెంపో డ్రైవరు చేత ఉతై పంపేదాన్ని. అటు నుంచి ఏ కబురూ వచ్చేది కాదు. మంచి లేదు, చెడు లేదు. నాకు నిద్ర పట్టేది కాదు.

పదో రోజు ఆఖరి రెండు అచ్చులూ నేనే తీసుకెళ్ళాను. ప్రెస్సు గదిలో దండేనికి కాగితాలు వేలాడుతున్నాయి. మూడో బొమ్మలో ఉక్కు ధార తిన్నగా తొట్టిలోకి దిగుతోంది. ఒకటి నుంచి ఎనిమిది దాకా ఎర్ర రంగు నల్ల గీతని తాకుతూ ఆగింది, దాటలేదు. మిస్త్రీ బాబాయ్ ఒక మూల నా తొమ్మిదో అచ్చు కిటికీ వెలుతురుకి ఎత్తి పట్టుకుని నించున్నారు. పిల్ల పొట్టు పట్టుకున్న రోజు తరవాత చెక్కింది అది. ఎర్రగా కాలిన పట్టా రోలర్ల మధ్య నుంచి పొడుగ్గా బయటికి వచ్చే బొమ్మ.

ఆయన బొటనవేలు పట్టా అంచు వెంట నడిపించారు. ఒకచోట ఆపారు. వెనక్కి వచ్చి మళ్ళీ నడిపించారు.

"ఇదేటి?"

"ఏమైంది బాబాయ్?"

"పట్టా వంకర తిరిగింది. అంచు మీద సెక్క నార లెగిసింది. ఇలగున్న పట్టా మీద రైలు ఎల్తాదేటి?"

సార్ వచ్చి చూశారు. ప్రూఫు తెచ్చి చూశారు. నిజానికి అంత కనబడదు. నా ముఖంలో ఏం చూశారో, "వారమే ఉంది మిస్త్రీ," అన్నారు. "పాపం, పసిపిల్లతో చేసింది. చదివేది పిల్లలు, ఇంత ఎవరు చూస్తారు? ఇది చాల్లే."

మిస్త్రీ బాబాయ్ జేబులో నుంచి సుద్దముక్క తీశారు. నేను ఒక పగలూ రాత్రీ చెక్కిన పట్టా మీద ఈ మూల నుంచి ఆ మూలకి ఒక గీత, అడ్డంగా ఇంకో గీత గీశారు. రెండువైపులా చెక్కేశాను కాబట్టి ఆ చెక్క ఇంక దేనికీ పనికిరాదు.

"రిజెక్ట్," అన్నారు.

"అది కాదు మిస్త్రీ, నేననేది..."

"రిజెక్ట్ అన్నాను సార్!" గదంతా మోగేలా అన్నారు ఆయన. "మీకు గాని సెవుడొచ్చిందేటి?"

సార్ బల్ల దగ్గరికి వెళ్ళి, రాయపూర్‌కి కట్టిన దొంతి దారం విప్పి, తొమ్మిదో బొమ్మ కాగితం తీసి నాకు ఇచ్చారు. నేను మూలనున్న ఆ ఒక్క కొత్త చెక్క తెచ్చుకుని, కింద కూర్చుని, గళ్ళు గీయడం మొదలుపెట్టాను.